పక్క కంప్యూటర్ నుంచి వచ్చే ముప్పు

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే మాల్‌వేర్ ఆ ఒక్క రోజులోనే ఖండాలు దాటింది. కొద్ది రోజుల్లో దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవల కిందున్న 236 ట్రస్టుల్లో కనీసం 80 చోట్ల పనులు దెబ్బతిన్నాయి.

వానాక్రై పాకడానికి ఎవరూ లింకు నొక్కనక్కర్లేదు. విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకునే 445 నంబరు పోర్టు తెరిచి ఉండి, మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చిన ప్యాచ్ వేసుకోకుండా ఉంటే చాలు. ఒక కంప్యూటర్లో దూరాక, దానికి తగులుకున్న మిగతావాటిని తనే వెతుక్కుంటూ పోయింది. ఆఫీసుకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టినా, లోపల ఈ గది నుంచి ఆ గదికి జరిగే రాకపోకలు దాని కంటపడవు. అవి సాగేది ఆఫీసులోని కంప్యూటర్లను కలిపే స్విచ్‌లో. కాబట్టి అడ్డుకోవాల్సింది కూడా అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లోని మడకశిర లాంటి చిన్న ఊరికి ఈ ముప్పు దూరపు సంగతి కాదు. మూడు వైపులా కర్ణాటక, వానను నమ్ముకుని వేరుశనగ వేసే నేల. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక చాలా పనులు కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌నెట్ కేబుల్ పల్లెల దాకా వచ్చింది. అడంగల్ నకలు కోసమో, పంట బీమా కోసమో వచ్చిన రైతుకు ఆ రోజు సిస్టం పనిచేయకపోతే కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, మళ్లీ రావాల్సి వస్తుంది. చిన్న ఊళ్లో నెట్‌వర్క్ భద్రతను పెద్ద నగరాల వ్యవహారంగా చూడకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇలా పక్క కంప్యూటర్ నుంచి వచ్చే ముప్పును అడ్డుకోవడానికి స్విచ్‌లో రాసే ఏర్పాటు పేరు యాక్సెస్ కంట్రోల్ లిస్ట్, పొట్టిగా ఏసీఎల్. సరిహద్దు చెక్‌పోస్టులో బండి ఎక్కడిది, ఎక్కడికి, ఏం సరుకు అని చూసినట్టే, స్విచ్ తన గుండా వెళ్లే ప్రతి డేటా ప్యాకెట్‌లో పంపినవారి చిరునామా, చేరాల్సిన చిరునామా, పోర్టు నంబరు చూస్తుంది. జాబితాలోని వరుసలను పై నుంచి కిందికి సరిపోల్చి, మొదట ఏది కుదిరితే దాని ప్రకారం వదులుతుంది లేదా ఆపుతుంది. ఆ తర్వాతి వరుసల జోలికి పోదు. ఏ వరుసా కుదరకపోతే చాలా స్విచ్‌లు ఆపేస్తాయి. వాటిలో చివర్లో ఎవరూ రాయకపోయినా ‘మిగతావన్నీ వద్దు’ అనే నియమం ఉండనే ఉంటుంది.

ఒక కాలేజీ అనుకుందాం. ఆఫీసు కంప్యూటర్లు ఒక వీల్యాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లో విడిగా చేసిన ఒక భాగంలో, విద్యార్థుల ల్యాబ్ మరో వీల్యాన్‌లో ఉన్నాయి. ల్యాబ్ వాళ్లకు ఇంటర్నెట్ కావాలి, ఆఫీసులోని ప్రింటర్ కావాలి, మార్కులున్న యంత్రం మాత్రం అందకూడదు. అప్పుడు ముందు ప్రింటర్‌కు అనుమతి, తర్వాత ఆఫీసు వీల్యాన్ మొత్తానికీ నిషేధం, ఆఖరున మిగతా అన్నింటికీ అనుమతి. ఈ ఆఖరి వరుసను పొరపాటున పైన రాస్తే నిషేధం ఉన్నా లేనట్టే, ఎందుకంటే స్విచ్ దాని దాకా రాదు. నియమాలన్నీ సరిగ్గానే రాసి వరుస తప్పితే, బయటికి అంతా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే.

అతి జాగ్రత్తతోనూ ఇబ్బందే. అవసరమైనవే వదలాలని రెండు మూడు వరుసలు రాసి ఆపితే, కంప్యూటర్లకు చిరునామాలిచ్చే డీహెచ్‌సీపీ, వెబ్‌సైట్ పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ కూడా ఆగిపోవచ్చు. ‘నెట్ రావట్లేదు’ అని ఫోన్లు మొదలవుతాయి. కంగారులో ఎవరో జాబితా మొత్తం తీసేస్తారు, మళ్లీ పెట్టరు.

జాబితా రాసినంత మాత్రాన అది అమల్లోకి రాదు. స్విచ్‌లో కేబుల్ తగిలించే ఏ పోర్టుకు లేదా ఏ వీల్యాన్‌కు, లోపలికొచ్చే దారిలోనా బయటికెళ్లే దారిలోనా అని చెప్పి తగిలించాలి. వీల్యాన్ల మధ్య దారిలో పెట్టింది ఒకే వీల్యాన్‌లోని రెండు కంప్యూటర్ల మాటలను ఆపలేదు. దానికి పోర్టు మీద జాబితా పెట్టొచ్చు. కొట్లో చవకగా దొరికే మామూలు స్విచ్‌లో ఇవేవీ కుదరవు, మేనేజ్డ్ స్విచ్ కావాలి. అది ఉండి కూడా ఇలాంటి జాబితా ఒక్కటీ రాసుకోని ఆఫీసు, డబ్బు పెట్టి కొన్న రక్షణను వాడకుండా వదిలేసినట్టే.

దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్లి పనిచేసేవాళ్లు ఒక్క తప్పు వరుసతో తమ దారినే మూసుకోగలరు. హిందూపురంలో కూర్చుని మడకశిరలోని స్విచ్‌ను సరిచేయబోయి ఇలా దారి మూసుకుంటే, బండేసుకుని రావాల్సిందే. అందుకే సిస్కో స్విచ్‌ల మీద అనుభవమున్నవాళ్లు ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ అని కొడతారు. దారి మూసుకుపోతే పది నిమిషాల్లో స్విచ్ దానంతటదే మళ్లీ మొదలై, పాత సెట్టింగులతో లేస్తుంది. అంతా బాగుంటే ఆ రీలోడ్‌ను రద్దు చేసి, అప్పుడు సేవ్ చేయాలి. సేవ్ చేయడం మరిచిపోతే కరెంటు పోయి వచ్చాక స్విచ్ కొత్త జాబితా లేకుండానే లేస్తుంది. సేవ్ చేసిన సెట్టింగుల నకలు ఒకటి వేరే కంప్యూటర్లో ఉంచుకుంటే, స్విచ్ కాలిపోయి కొత్తది తెచ్చినప్పుడు అదే జాబితాను ఎక్కించుకోవచ్చు.