సమానురాలా? సేవకురాలా?

చైనాలోని ఒక నగరంలో ఇరవై మూడేళ్ళ యువతిని ఊహించుకోండి. తల్లిదండ్రులకు ఆమె ఏకైక సంతానం. విశ్వవిద్యాలయంలో ఆంగ్లం ప్రధానాంశంగా చదివి పట్టా పుచ్చుకున్నది. మాతృభాష చీనీ, నేర్చుకున్న భాష ఆంగ్లం. రెండింటిలోనూ ధారాళంగా మాట్లాడగలదు. విదేశాలలో పైచదువు చదవాలన్నది ఆమె ఆశ. కాని అక్కడి రుసుములు తండ్రి సంపాదనకు అందేవి కావు. అప్పుడు ఆమె దృష్టి ఒక మార్గంపై పడుతుంది. విదేశంలో ఒక కుటుంబంతో కలిసి నివసిస్తూ, వారి పిల్లలను చూసుకుంటూ, ఆ దేశపు భాషను, జీవన విధానాన్ని నేర్చుకొనే పద్ధతి అది. దానిని ‘ఓపేర్’ అంటారు. ఈ మాట ఇంట్లో చెప్పగానే తల్లి అడిగే మొదటి ప్రశ్న ఇది: “ఇంత చదివించింది పరాయి ఇంట్లో పనిమనిషిగా ఉండటానికా?”

ఈ ప్రశ్న ఒక్క చైనా తల్లిది మాత్రమే కాదు. కూతురిని కడుపులో పెట్టుకొని పెంచిన ఏ తల్లి నోటనైనా ఇదే మాట వస్తుంది. కనుక ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయకుండా, నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

మాటలోనే ఉన్న వాగ్దానం

‘ఓపేర్’ అన్నది ఫ్రెంచి మాట. ‘సమాన స్థాయిలో’ అని దాని అర్థం. అంటే వచ్చిన యువతి ఆ ఇంటి సేవకురాలు కాదు, అతిథి మాత్రమే కూడా కాదు. కొంతకాలం ఆ కుటుంబంలో ఒక సభ్యురాలు. చైనా భాషలో ఇటువంటి యువతిని ‘హూహుయ్‌షెంగ్’ అంటారు. పరస్పరం మేలు పొందే విద్యార్థిని అని దాని భావం. అదే చైనాలో ఇంటిపని చేసే స్త్రీని ‘ఆయి’ అని పిలుస్తారు. మన ఇళ్ళలో ‘ఖాలా’ అన్నట్లే అది కూడా వరుసను సూచించే మాటే. పిలుపులో ఆత్మీయత ఉన్నంత మాత్రాన వ్యవహారంలో న్యాయం ఉంటుందన్న భరోసా లేదు. ‘హూహుయ్‌షెంగ్’గా వెళ్ళిన బిడ్డ అక్కడ ‘ఆయి’గా మారిపోతుందేమోనన్నదే ఆ తల్లి భయం.

ఈ భయం నిరాధారమైనది కాదని ఐరోపా పెద్దలు కూడా గుర్తించారు. 1969 నవంబరు 24న స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఐరోపా మండలి ఓపేర్ విషయమై ఒక ఒడంబడికను రూపొందించింది. యువతి లేదా యువకుని వయస్సు 17 నుండి 30 ఏళ్ళ మధ్య ఉండాలి. రోజుకు సాధారణంగా ఐదు గంటలకు మించి పని చెప్పరాదు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి. భాషా తరగతులకు వెళ్ళే వ్యవధి, చేతి ఖర్చుకు సొమ్ము, వీలైతే ప్రత్యేక గది కల్పించాలి. షరతులన్నీ వ్రాతపూర్వకంగా ఉండాలి. ఆరాధనలో పాల్గొనేందుకు పూర్తి అవకాశం ఇవ్వాలని కూడా అందులో స్పష్టంగా వ్రాశారు. చైనాలో కోటికి పైగా ఉన్న హుయ్ ముస్లిముల ఇంటి ఆడపిల్ల ఎవరైనా ఇలా బయలుదేరదలచితే, ఈ చివరి అంశం ఆమెకు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. నమాజు వేళలు, ఆ ఇంటి వంటగదిలో వండే మాంసం, రమజాను ఉపవాసాలు - ఇవన్నీ మొహమాటం లేకుండా ముందుగానే మాట్లాడుకోవలసిన విషయాలు.

అయితే ఆ ఒడంబడికను ఆమోదించిన దేశాలు కొద్దే. ఆచరణలో ఏ దేశపు చట్టం ఆ దేశానిది.

దేశానికొక నియమం

జర్మనీ 18 ఏళ్ళు నిండి, 27 ఏళ్ళు నిండని వారికి ఈ అవకాశం ఇస్తుంది. జర్మన్ భాషలో ప్రాథమిక స్థాయి పరిజ్ఞానం ముందే ఉండాలి. వారానికి 30 గంటలు, రోజుకు 6 గంటలు మించరాదు. ఇటీవలి నిబంధనల ప్రకారం నెలకు 280 యూరోల చేతి ఖర్చు, దానికి తోడు భాషా తరగతులకు 70 యూరోలు కుటుంబమే ఇవ్వాలి. గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం.

అమెరికాలో ఈ పద్ధతి 1986లో ప్రయోగాత్మకంగా మొదలైంది. వయస్సు 18 నుండి 26 ఏళ్ళు. అక్కడ పనిగంటలు ఎక్కువ: రోజుకు 10, వారానికి 45 వరకు. వారానికి ఒకటిన్నర రోజు, నెలకు ఒక పూర్తి వారాంతం సెలవు. సంవత్సరంలో రెండు వారాల వేతన సెలవు, ప్రత్యేక గది, చదువుకు 500 డాలర్ల వరకు సహాయం. మూడు నెలలలోపు పసికందును ఆమెకు ఒంటరిగా అప్పగించరాదు. ఏ కుటుంబమూ నేరుగా పిలిపించుకొనే వీలు లేదు. విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థ ద్వారానే వెళ్ళాలి.

బ్రిటన్ 2008లో ఓపేర్ వీసాను రద్దు చేసింది. నార్వే 2024లో ఈ మార్గాన్ని మూసివేసింది. చౌకగా ఇంటిపని చేయించుకొనే దారిగా అది మారిపోయిందన్న విమర్శ అక్కడ చాలా కాలంగా వినిపించింది.

రెండు భాషల బరువు

చైనా యువతికి ఒక ప్రత్యేకత ఉన్నది: ఆమె భాష. చైనా ఆర్థికంగా ఎదిగిన కొద్దీ, తమ పిల్లలు చిన్ననాడే చీనీ నేర్వాలన్న కోరిక అమెరికా కుటుంబాలలో పెరిగింది. చైనా నుండి ఆడపిల్లలను దత్తత తెచ్చుకున్న వేలాది కుటుంబాలు కూడా ఆ బిడ్డలకు పుట్టిననాటి భాష దూరం కాకూడదని ఆశించాయి. విదేశీయులకు దత్తత ఇచ్చే ఆ పద్ధతిని చైనా 2024లో ముగించింది. కాని చీనీ మాట్లాడే ఓపేర్ కోసం అన్వేషణ మాత్రం కొనసాగుతూనే ఉన్నది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ఆమె వెళ్ళేది ఆంగ్లాన్ని మెరుగుపరచుకోవడానికి. కుటుంబం పిలిచేది చీనీ కోసం. “పిల్లలతో చీనీలోనే మాట్లాడు” అన్న షరతు పడితే, రోజంతా తన భాషలోనే గడిచిపోతుంది. పిల్లల ఆలనాపాలనతో పాటు భాష బోధించే ఉపాధ్యాయురాలి పని కూడా అదే సొమ్ముకు ఆమె భుజాన పడుతుంది. రెండు భాషలు రావడం వరమే. ఆ వరానికి వెల కట్టకుండా వాడుకొనేవారు ఉంటారు. ఏ వేళ ఏ భాష, ఆమె తరగతులు ఏ రోజున - ఇది బయలుదేరక ముందే కాగితంపై ఉండాలి.

లెక్క చూద్దాం

అమెరికాలో 2009 నుండి ఓపేర్‌కు వారానికి ఇవ్వవలసిన కనీస సొమ్ము 195 డాలర్ల 75 సెంట్లుగా లెక్కగట్టారు. ఆ దేశపు కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 45 గంటలకు 326 డాలర్ల 25 సెంట్లు అవుతుంది. అందులో 40 శాతం బసకు, భోజనానికి మినహాయించగా మిగిలినది ఆ మొత్తం. అంటే చేతికి వచ్చేది గంటకు 4 డాలర్ల 35 సెంట్లు. ఇది కనీసమే గాని గరిష్ఠం కాదు. కాని సంస్థలు దీనినే అందరికీ ఒకే రేటుగా స్థిరపరచాయని ఆరోపిస్తూ 2014లో కొందరు ఓపేర్‌లు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2019లో ఆ సంస్థలు 6 కోట్ల 55 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించి రాజీకి వచ్చాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో తమ రాష్ట్రపు కనీస వేతన చట్టం ఓపేర్‌లకూ వర్తిస్తుందన్న వైఖరిని అదే ఏడాది అప్పీలు న్యాయస్థానం సమర్థించింది. ‘కుటుంబ సభ్యురాలు’ అన్న తీయని మాట చాటున శ్రమ విలువ మరుగున పడరాదని ఈ వ్యాజ్యాలు చాటాయి.

నాలుగు గోడల మధ్య

కార్యాలయంలో పనిచేసేవారు సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతారు. ఓపేర్‌కు పనిచేసే చోటే నివాసం. ఆ ఇంటివారితో మాట పడితే ఉద్యోగంతో పాటు తలదాచుకొనే చోటు, కొన్నిసార్లు ఆ దేశంలో ఉండే అనుమతి కూడా ప్రమాదంలో పడతాయి. అందుకే మంచి పద్ధతులలో వేరొక కుటుంబానికి మారే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు, ఎన్ని రోజులలో చేస్తారు అన్నది ముందే తెలుసుకోవాలి.

మోసగాళ్ళ తీరూ తెలిసి ఉండాలి. ఆకర్షణీయమైన జీతం, అందమైన ఇంటి ఛాయాచిత్రాలు చూపి, వీసా ఖర్చుకని ముందుగా సొమ్ము పంపమనే ‘కుటుంబం’ చాలాసార్లు ఉండనే ఉండదు. పర్యాటక వీసాపై రమ్మనేవారు ఆమెను చట్టం నీడ నుండి బయటకు లాగుతున్నట్లే. అమెరికాకు నేరుగా రమ్మని ఏ కుటుంబమైనా పిలిస్తే, ఆ పిలుపు చట్టబద్ధం కాదని వెంటనే గ్రహించాలి.

మన ఇంటి సంగతి

ఇదంతా దూరదేశపు కథ అనుకోవద్దు. మన కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళారు, వెళ్తున్నారు. పదో తరగతి పూర్తి చేయని స్త్రీ అక్కడికి ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఓపేర్‌కు, వీరికి తేడా ఉన్నది: ఒకరిది చదువుకు మెట్టు, మరొకరిది కుటుంబ పోషణ. కాని ఇద్దరూ పరాయి ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళేవారే. ఇద్దరి విషయంలోనూ ఇంటి పెద్దలు అడగవలసిన ప్రశ్నలు ఒకటే.

ఒప్పందం ఆమె చదవగలిగిన భాషలో ఉన్నదా? పనిగంటలు, సెలవు దినం, సొమ్ము అందులో అంకెలలో ఉన్నాయా? ఆమె గదికి లోపలి నుండి గడియ ఉన్నదా? పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉంటుందా? కష్టం వస్తే అర్ధరాత్రి ఫోను చేయడానికి, ఆ ఇంటివారు కాని మనిషి ఒకరు ఆ ఊరిలో ఉన్నారా? ఈ ఐదింటికీ సూటిగా జవాబు దొరకకపోతే ప్రయాణం ఆపుకోవడమే మేలు. దొరికితే, భయం ఒక్కటే కారణంగా బిడ్డ దారికి అడ్డుపడటం న్యాయం కాదు.

ఆ చైనా తల్లి ప్రశ్నకు ఇదే జవాబు. ఆమె కూతురు సమానురాలో, సేవకురాలో పేరు నిర్ణయించదు. ఒప్పందం, దానిని నిలబెట్టుకొనే మనుషులు నిర్ణయిస్తారు.

పాఠకులారా! చివరిగా ఒక్క మాట. మన ఇళ్ళలోనూ పిల్లలను చూసుకొనే అమ్మాయిలు ఉన్నారు. ఆమె ఎక్కడ నిద్రిస్తుంది? ఎప్పుడు భోజనం చేస్తుంది? ఆమెకు సెలవు ఏ రోజు? మన బిడ్డకు పరాయి దేశంలో ఏది కోరుకుంటామో, పరాయి బిడ్డకు మన ఇంట్లో అది అందుతున్నదా? ఈ రాత్రి దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు ఈ ప్రశ్న ఒకసారి వేసుకుందాం.