చేతిలో ఉన్న అణుబాంబులను దక్షిణాఫ్రికా ఎందుకు విప్పేసింది? ఎలా?

ఉదయగిరి కొండ ఎక్కి కోటను చూసినవాళ్లకు ఒక సందేహం రాక మానదు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడించి 1514లో గానీ దాన్ని పట్టలేకపోయాడు. అంత రక్షణ ఇచ్చే గోడను ఏ రాజైనా తన చేతులతో కూల్చుకుంటాడా? దక్షిణాఫ్రికా అలాంటి పనే చేసింది. ఆరు అణుబాంబులు పూర్తయి, ఏడోది తయారవుతుండగా అన్నిటినీ విప్పేసింది.

అసలు బాంబు ఎందుకు కావలసి వచ్చింది? 1975లో పోర్చుగీసువాళ్లు అంగోలా వదిలి వెళ్లారు, అక్కడ క్యూబా సైన్యం దిగింది. వర్ణవివక్ష పాటించే తెల్ల ప్రభుత్వానికి ప్రపంచంలో తోడు నిలిచేవాళ్లు కరువయ్యారు. భయమే బాంబు చేయించింది. 1977లో కలహారి ఎడారిలో పరీక్షకు తవ్విన బావులను సోవియట్ ఉపగ్రహం పసిగట్టడంతో పరీక్ష ఆగింది, తయారీ మాత్రం సాగింది.

1988 డిసెంబరులో క్యూబా సేనలు వెనక్కి వెళ్లడానికి ఒప్పందం కుదిరింది. 1989లో డి క్లర్క్ అధ్యక్షుడయ్యేనాటికి క్యూబా వెనకున్న సోవియట్ యూనియన్ భయమూ తగ్గింది. బాంబులు ఉంటే ప్రపంచం దగ్గరకు రానివ్వదు. రేపు అధికారానికి వచ్చే నల్లవాళ్ల చేతికి అవి చిక్కకూడదన్న ఆలోచన కూడా ఉందని చాలామంది అంటారు. నేనూ దాన్ని కొట్టిపారేయలేను. మద్రాసులో ఓడ ఎక్కి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులూ ఆ దేశ ప్రజలే. కోట్లాది నల్లవాళ్లతో పాటు వాళ్లనూ చీకట్లో ఉంచి ఆ బాంబులు చేశారు. విప్పడం ఎంత మంచిపనైనా, ఈ అన్యాయాన్ని మరచిపోకూడదు.

ఇక ఎలా అన్నది. ఆ బాంబులో యురేనియం రెండు ముక్కలుగా ఉంటుంది. తుపాకీ గొట్టం లాంటి దానిలో ఒక ముక్కను రెండోదానిపైకి పేలిస్తే విస్ఫోటం. 1990 ఫిబ్రవరిలో ఆదేశం వచ్చాక ఆ ముక్కలను తీసి కరిగించారు, మిగతా భాగాలను ధ్వంసం చేశారు. 1991 జులై 10న అణువ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరారు. 1993 మార్చి 24న డి క్లర్క్ పార్లమెంటులో సంగతి బయటపెట్టాడు.

నమ్మడమెలా? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు యురేనియం కర్మాగారం పాత లెక్కల పుస్తకాలు తిరగేసి, ఎంత తయారైంది, ఎంత మిగిలింది అన్నది సరిచూశారు. కలహారి బావులను వాళ్ల కళ్లెదుటే పూడ్చారు.

ఆ యురేనియంలో కొంత తర్వాత సఫారి-1 రియాక్టరులో, ఆస్పత్రుల స్కానింగులకు కావలసిన ఐసోటోపుల తయారీకి వాడారు.