నిత్యాభ్యాసమే ప్రాణరక్షణ

ఒకసారి నేర్చిన విద్య చిరకాలం మనతోనే ఉంటుందని భావించడం సహజం. కాని చేతులతో చేయవలసిన విద్యలకు నిరంతర సాధన అవసరం. 'అభ్యాసం కూసువిద్య' అన్నారు పెద్దలు. నీట మునిగినవారిని రక్షించే విద్యకూ, ప్రథమ చికిత్సకూ ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది.

శ్వాస ఆగిన కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం ప్రారంభమవుతుంది. ఆ స్వల్ప వ్యవధిలో పుస్తకం తెరచి చూచుకొనే అవకాశం ఉండదు. ఆగిన గుండెకు బదులుగా ఛాతీని లయబద్ధంగా నొక్కి రక్తప్రసరణను కొనసాగించే పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించారు. నేటి సి.పి.ఆర్. విధానానికి అదే పునాది. పెద్దలకు నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు అందించాలి. నీట మునిగినవారిలో ప్రాణవాయువు కొరతే ప్రధాన సమస్య. అందువల్ల శిక్షణ పొందినవారు ముందుగా శ్వాసనందించి, పిదప ఛాతీని నొక్కుతారు. పొట్టను నొక్కి నీరు కక్కించడం, భుజాన వేసుకొని గిరగిర తిప్పడం వంటి పాత అలవాట్లు హానికరం. అమూల్యమైన కాలాన్ని హరిస్తాయి.

ఇవన్నీ తెలిసినా సాధన లేని చేయి తడబడుతుంది. శిక్షణ ముగిసిన కొద్ది నెలలకే నొక్కే లోతు, వేగం గతి తప్పుతాయని పరిశోధనలు తెలుపుతున్నాయి. ధ్రువపత్రం చెల్లినంతకాలం నైపుణ్యం నిలవదు.

వీపున గాలి సిలిండరు ధరించి లోతునకు దిగే రక్షక డైవర్లకు ఈ సాధన మరింత ఆవశ్యకం. భయంతో కొట్టుకొనే వ్యక్తిని ఎదురుగా సమీపిస్తే, అతడు పెనవేసుకొని ఇద్దరినీ ముంచివేయగలడు. నీటిపై కొట్టుకొంటున్న తోటి డైవరును వెనుకనుండి చేరి, అతని గాలి చొక్కాను నింపి, నడుమునకున్న బరువులను విడిపించి తేల్చాలి. ప్రశాంతమైన ఈతకొలనులో పలుమార్లు సాధన చేసినవారికే ఈ క్రమం ఆపత్సమయంలో స్ఫురిస్తుంది. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వరదలు లేని రోజులలోనూ కసరత్తులు నిర్వహించడంలోని ఆంతర్యం ఇదే.

శిక్షణ లేనివారు ఆవేశంతో నీటిలోనికి దూకరాదు. ఒడ్డున నిలిచి కేకవేసి తోడు పిలవాలి. కర్రనో, తాడునో, పంచెనో అందించాలి. విద్యార్థులు ప్రథమ చికిత్సను నేర్చుకోవాలి. నేర్చినదానిని కొన్ని నెలలకొకసారి శిక్షణ బొమ్మపై తిరిగి సాధన చేయాలి. ఆపద ముందుగా చెప్పి రాదు. అది వచ్చిన వేళ మనలను ఆదుకొనేది ఎన్నడో నేర్చిన పాఠం కాదు, నిన్నటి అభ్యాసం.