చలవ మందు - మన శరీరము

నూలు చిలపలను తెలుపు చేయుటకు మనవారు వాడు హైడ్రోజన్ పెరాక్సైడు, గాయములు కడుగుటకు మందుల దుకాణములో అమ్ము హైడ్రోజన్ పెరాక్సైడు ఒకే పదార్థము. మన శరీరములోని కణములు నిత్యము పుట్టించుకొనుచున్నది కూడ అదియే. భేదమంతయు గాఢతలో ఉన్నది. ఆ భేదము తెలియనిచో ప్రాణాపాయము కలుగవచ్చును. షోలాపూరులోనేమి, సేలములోనేమి, ఇల్లే కార్ఖానాగా బ్రతుకు కుటుంబములు మనలో అనేకము గలవు గనుక ఈ సంగతిని వివరించుచున్నాము.

ఈ ద్రవమును 1818లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు థెనార్ కనుగొనెను. నీటిలోకంటె దీనిలో ఆక్సిజను ఒక పాలు అధికము. ఆ అధికమైన ఆక్సిజను నిలుకడగా ఉండక విడిపోవును. ఆ గుణముచేతనే నూలులోని సహజమైన రంగు విరిగి తెలుపు వచ్చును.

శరీరములో దీని పని వేరు. గాయములో సూక్ష్మజీవులు చేరినప్పుడు తెల్ల రక్తకణములు వానిని మ్రింగి, లోపల పెరాక్సైడును, దానినుండి మరికొన్ని ఘాటైన ద్రవ్యములను పుట్టించి చంపును. పుట్టుకతో ఈ శక్తి లోపించిన బిడ్డలకు చీముగడ్డలు, ఊపిరితిత్తుల జబ్బులు మాటిమాటికి వచ్చుచుండును.

అయితే ఇది మితిమీరినచో మన కణములకే చేటు. అందుచేత దీనిని నీరుగాను, ఆక్సిజనుగాను విడగొట్టుటకు కటలేసు అను ఎంజైము శరీరములో గలదు. గాయముపై పెరాక్సైడు పోయగానే వచ్చు నురుగు ఈ కటలేసు పనియే. నురుగు వచ్చినంత మాత్రమున క్రిములన్నియు చచ్చినవని తలచరాదు. జపానులో తకహార అను వైద్యుడు 1940 దశకములో ఒక బాలిక నోటి పుండుపై దీనిని పోయగా నురుగు రాలేదు సరికదా, రక్తము నల్లబడెను. ఆమెకు పుట్టుకతోనే కటలేసు లేదని పిమ్మట తేలినది.

తల నెరియుటలో కూడ దీని పాత్ర కలదు. నెరసిన వెండ్రుకల కుదుళ్లలో కటలేసు తగ్గి, పెరాక్సైడు పేరుకొని, రంగు పుట్టించు ఎంజైమును చెరచుచున్నదని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక అసలు ప్రమాదము. మందుల దుకాణపు సీసాలో సాధారణముగా 3 శాతము మాత్రమే ఉండును. చలవకు వచ్చు క్యానులలో 35 లేక 50 శాతము ఉండును. 3 శాతపు ద్రవము తన పరిమాణమునకు 10 రెట్లు ఆక్సిజనును విడుచును. 35 శాతపుది నూరు రెట్లకు పైగా విడుచును. దానిని ఒక్క గ్రుక్క మ్రింగినను గొంతు, కడుపు కాలును. వాయు బుడగలు రక్తములో చేరి మెదడునకు ప్రాకవచ్చును. నీటిలో కలిపి త్రాగిన క్యాన్సరు, ఉబ్బసము పోవునని కొందరు చెప్పుమాట పూర్తిగా అబద్ధము. 35 శాతపు పెరాక్సైడును మందుగా త్రాగరాదని అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ 2006లో ప్రజలను హెచ్చరించినది.

కావున ప్రతి ఇంట ఈ క్రింది విషయములు పాటింపవలెను.

1. చలవ మందును మంచినీళ్ల సీసాలలో, సోడా సీసాలలో ఎన్నడును పోయరాదు. పేరు వ్రాసిన క్యానులోనే, పిల్లలకు అందనిచోట, ఎండ తగులకుండ ఉంచవలెను.

2. గాలి పోవు మూతనే వాడవలెను. బయటికి తీసినది తిరిగి క్యానులో పోయరాదు. ఇనుప, రాగి పాత్రలు పనికిరావు.

3. రబ్బరు తొడుగులు, కంటి అద్దములు లేక దీనిని ముట్టరాదు. చర్మము తెల్లబడి మండినచో వెంటనే ధారాళమైన నీటితో కడుగవలెను. కంటిలో పడినచో కనీసము 15 నిమిషములు కడిగి వైద్యుని యొద్దకు పోవలెను.

4. మ్రింగినవారికి వాంతి చేయించరాదు. నోరు పుక్కిలింపజేసి, క్యానుపై చీటీతో సహా ఆస్పత్రికి తక్షణము చేర్చవలెను.

5. చలవ మందును నీరు కలిపియైనను గాయముపై వాడరాదు. దుకాణపు మందును సహితము దినదినము పోసినచో క్రొత్తగా పుట్టు కండ చెడి, పుండు మానుట ఆలస్యమగును. లోతైన గాయములలో అసలే పోయరాదు. చిన్న గాయములకు శుభ్రమైన నీరు, సబ్బు చాలును.

ఈ విషయములను చదువురాని పెద్దలకును, అద్దకపు కొట్టములో పనిచేయు కుర్రవారికిని చదివి వినిపింపవలసినదిగా కోరుచున్నాము.