అమ్మానాన్నలతో యూరప్: బయల్దేరే ముందు

పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక అమ్మానాన్నలకు పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ చూపించాలనుకోవడం మంచి కోరిక. అయితే చాలామంది ఈ పనిని విమాన టికెట్లతో మొదలుపెడతారు. చవగ్గా వస్తున్నాయని, రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాని టికెట్లు కొనేస్తారు. నా దృష్టిలో వరస తలకిందులైంది అక్కడే. ముందు పాస్‌పోర్టు, తర్వాత ఏ ఊరు ఎన్నాళ్లన్న లెక్క, ఆపైన వీసా. టికెట్‌కు డబ్బు కట్టడం చివరి పని.

పాస్‌పోర్టు గడువు షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) నుంచి బయటికొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలుండాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు నడుస్తుంది కానీ చిన్నపిల్లలది ఐదేళ్లకే అయిపోతుంది, అందుకే మనవళ్లది ముందు తీసి చూడండి. పేర్ల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా కలిపి రెండో గడిలో ఉంటుంది. అలాంటివాళ్లకు టికెట్ మీద పేరు ఎలా వేయాలో విమాన సంస్థను ముందే అడగాలి. వీసా దరఖాస్తు, బీమా పత్రం, టికెట్ మూడింటి మీదా పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ లేవు. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, దారిలో పెద్దదవుతుంది. ఉదాహరణకు పారిస్‌లో దిగి, రైల్లో లండన్ వెళ్లి, అక్కణ్నుంచి రోమ్ వెళ్దామనుకున్నారనుకోండి. లండన్‌కు బ్రిటన్ వీసా వేరే కావాలి. అది తీసుకున్నా, షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే లండన్ వెళ్లగానే దాని పని అయిపోయినట్టే. రోమ్ విమానం ఎక్కనివ్వరు. లండన్ చూడాలంటే దాన్ని యాత్రకు మొదట్లోనో చివర్లోనో పెట్టుకోవాలి, లేదా రెండుసార్లు ప్రవేశానికి వీసా అడగాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది కూడా రోజుల లెక్కే. ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి. అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. దరఖాస్తులు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, కొన్నిసార్లు 45 రోజులు కూడా పట్టొచ్చు. వేసవి యాత్రయితే సంక్రాంతి కాగానే కదలండి, వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ స్లాట్లు త్వరగా అయిపోతాయి. వీసా రుసుం పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు రుసుం లేదు. వీసా కేంద్రం సర్వీసు చార్జీ అదనం. ఖర్చు కొడుకో కూతురో పెట్టుకుంటుంటే ఆ మాట రాసిన లేఖ, బంధుత్వానికి రుజువు, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. నాన్నగారికి పెన్షన్ ఉంటే ఆ కాగితాలు కూడా పెట్టండి, తిరిగొస్తారనడానికి అవి బలం.

బీమా దగ్గర నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. షెంగెన్ నియమం ప్రకారం కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా ఉండాలి. ఆ అంకె సరిపోయేలా అన్నిటికంటే చవకైన పాలసీ తీసుకుంటే వీసా వచ్చేస్తుంది. కానీ అమ్మకు పదేళ్లుగా షుగరుంది, నాన్నకు గుండెలో స్టెంట్ ఉంది అనుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బుల వల్ల వచ్చే ఖర్చును చాలా పాలసీలు ఇవ్వవు, లేదా ప్రాణాపాయ స్థితిలో కొంతవరకే ఇస్తాయి. పాలసీ పత్రంలో ఆ పేరా వెతికి చదవండి. జబ్బులు దాచకుండా రాయండి, రెండు మూడు వేలు ఎక్కువైనా వాటికి వర్తించే పాలసీ కొనండి. పెద్దవాళ్ల విషయంలో పొదుపు చేయకూడని ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే.

మందులు ప్రయాణం ఉన్నన్ని రోజులకూ, పైన ఇంకో వారానికీ సరిపడా తీసుకెళ్లాలి. మన డాక్టరు చీటీ చూపిస్తే అక్కడ మందులిస్తారని నమ్ముకోవద్దు. డాక్టరు దగ్గర బ్రాండ్ పేర్లు కాకుండా టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ అంటూ అసలు మందు పేర్లతో ఇంగ్లిష్‌లో చీటీ రాయించుకోండి. మాత్రలు డబ్బాలో పోయకుండా స్ట్రిప్పుల్లోనే ఉంచండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, కింద వేసే సామాన్లలో చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. వేసవిలో పారిస్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది, మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో కూడా చీటీ రాయించుకునేటప్పుడే డాక్టరును అడగండి.

సామాన్లలో తినేవి ఎలాగూ ఉంటాయి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అంటే పాలకోవా, నెయ్యి సీసా, వేటమాంసం పచ్చడి ఇంట్లోనే ఉండాలి. తాజా కరివేపాకు, మామిడిపళ్లు కూడా కుదరవు. కందిపొడి, ఆవకాయ, అటుకులు సర్దుకోవచ్చు. పచ్చడి మాత్రం కింద వేసే పెట్టెలోనే, గట్టిగా సీలు వేయించి పెట్టాలి.

డబ్బు విషయం క్లుప్తంగా. కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. ఓటీపీ వచ్చే నంబరుకు రోమింగ్ ఉండాలి. దుకాణంలో కార్డు మిషన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే మారకపు రేటు వాళ్లు వేసిందే. స్విట్జర్లాండ్‌లో అయితే ఫ్రాంకులు నొక్కండి.

మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు వీల్‌చైర్ కావాలని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పండి. దానికి అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు. 2025 అక్టోబరు 12న షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టుపై ముద్రకు బదులు కంప్యూటర్‌లో ముఖం నమోదు చేసే పద్ధతి మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్లకు క్యూలో ఆలస్యం కావచ్చు. విమానం మారేచోట గంటన్నర వ్యవధి చాలనుకోవద్దు. హోటల్ బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందో లేదో అడగండి, పాత కట్టడాల్లో చాలావాటికి ఉండదు.

అత్యవసర నంబరు యూరోపియన్ యూనియన్ అంతటా, స్విట్జర్లాండ్‌లోనూ 112. ఆ నంబరు, బీమా కంపెనీ ఫోన్ నంబరు, పాలసీ నంబరు, హోటల్ చిరునామా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మ పర్సులో ఒకటి, నాన్న జేబులో ఒకటి పెట్టండి. ఫోన్లో ఉన్నాయి కదా అని వదిలేయకండి.