పెట్రోలు జనరేటరుతో విద్యుత్ కారు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. విద్యుత్ స్తంభములు నేలకొరిగి, ఆ జిల్లాలో అనేక ప్రాంతములకు రోజుల తరబడి విద్యుత్తు లేకపోయినది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట మండలము ఆనాడు విశాఖపట్నము జిల్లాలోనిదే.

అటువంటి గాలివాన మరల వచ్చినదనుకొందము. బుచ్చయ్యపేటలో ఒక ఇంటి ముంగిట విద్యుత్ కారున్నది. బ్యాటరీ మాత్రము ఖాళీ. ఇంటిలోని రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. ప్రక్క ఇంట పెళ్ళిపందిళ్ళకు అద్దెకిచ్చు పెట్రోలు జనరేటరున్నది. దానితో కారుకు ఛార్జి ఎక్కించవచ్చునా?

ఎక్కించవచ్చును. అయితే ముందు కొంత లెక్క చూడవలెను. గోడప్లగ్గుకు తగిలించు చార్జరు సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును గంటల తరబడి ఎడతెగక తీసికొనును. 230 వోల్టుల వద్ద ఇది 2,300 వాట్లు. కావున నాలుగు దీపములు, రెండు పంకాలు నడుపు 1 కిలోవాటు యంత్రము చాలదు. ఎడతెగక 3 కిలోవాట్లు ఇచ్చునది కావలెను.

చిన్న విద్యుత్ కారు 100 కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు వాడును. 30 కిలోమీటర్లకు నాలుగున్నర; ఛార్జి చేయుటలో పోవునది కలిపి 5 యూనిట్లు. దీనికి రెండు గంటలకు పైగా పట్టును.

ఇక పెట్రోలు సంగతి. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఇమిడియున్నది. కాని చిన్న జనరేటరు అందులో అయిదవ వంతైనను విద్యుత్తుగా మార్చలేదు. బెల్లపు పొయ్యిలో పిప్పి మండునప్పుడు వేడి అంతయు పెనమునకు చేరదు. కొంత పొగతో పోవును, కొంత గోడలకు పోవును. ఇంజనులోను ఇంతే. చేతికి వచ్చునది లీటరుకు ఒకటిన్నర యూనిట్లు, బాగుగానున్న యంత్రమైనచో మరికొంచెము. అనగా 30 కిలోమీటర్లకు సుమారు 3 లీటర్లు కావలెను. అదే పెట్రోలును మామూలు కారులో పోసినచో 45 కిలోమీటర్లు పోవచ్చును, రెండు గంటలు వేచియుండ నక్కరలేదు. రోగి ప్రాణము నిమిషములపై ఆధారపడినప్పుడు పొరుగువారి ఆటోయే మేలు.

వేరు దారి లేనప్పుడు జనరేటరునే వాడవలసి వచ్చును. అప్పుడొక చిక్కు ఎదురుకావచ్చును. కారు చార్జరు ముందుగా ఎర్తు సరిగానున్నదా అని పరీక్షించును. అనేక చిన్న జనరేటర్లలో న్యూట్రలు తీగెకు, యంత్రపు చట్రమునకు సంబంధముండదు. ఎర్తు కనబడక చార్జరు పని చేయ నిరాకరించును. ఇది లోపము కాదు, రక్షణ. దానిని మోసపుచ్చుటకు తీగెలు మెలిపెట్టరాదు. తెలిసిన ఎలక్ట్రీషియనుచే ఎర్తు ఏర్పాటు చేయించుకొనవలెను. జనరేటరును ఇంటి ప్లగ్గునకు తగిలించుట ఇంకను ప్రమాదకరము. ఆ విద్యుత్తు వెనుకకు నడచి, ట్రాన్స్‌ఫార్మరులో 11,000 వోల్టులకు పెరిగి, తీగెలు బాగుచేయు లైనుమాను ప్రాణము తీయగలదు.

అన్నిటికంటె పెద్ద అపాయము కంటికి కనబడదు. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, వికారము, నిద్రమత్తు, ఆపై మరణము. వాన పడుచున్నదని యంత్రమును వసారాలోనికో, పశువులపాకలోనికో తేరాదు. తలుపులకు, కిటికీలకు కనీసము 20 అడుగుల దూరమున, ఆరుబయట, పైకప్పు మాత్రమే గల చోట నుంచవలెను.

తుపాను హెచ్చరికలు నేడు కొన్ని రోజుల ముందే వచ్చుచున్నవి. హెచ్చరిక విన్ననాడే, విద్యుత్తు ఉండగనే, బ్యాటరీ నిండుగా నింపుకొన్న ఇంటికి జనరేటరు అవసరమే కలుగకపోవచ్చును.