ఆ ఎనిమిది అంకెలు మీ దగ్గర ఉన్నాయా?

మన ఊళ్ళో ఇంటి గుర్తు చెప్పాలంటే "రామాలయం వెనక వీధి, వేపచెట్టు పక్క మేడ" అంటే చాలు. ఆ అలవాటును విమానం ఎక్కించి మరీ కువైట్‌కి తెచ్చుకున్నాం. "జమియా ఎదురుగా, మసీదు దాటాక బకాలా పక్కన" అని ఫోన్లో చెబుతాం. తీరా వచ్చినవాళ్ళు చూస్తే సందుకో బకాలా!

ఇక్కడి చిరునామాకు ఒక వరుస ఉంది. ముందు ప్రాంతం, తర్వాత బ్లాకు, వీధి, బిల్డింగు. కొన్నిచోట్ల వీధి తర్వాత జాదా, అంటే సందు. చాలా వీధులకు పేర్లు లేవు, నంబర్లే. ఒక బ్లాకులో 3వ వీధి ఉంటే పక్క బ్లాకులోనూ 3వ వీధి ఉండవచ్చు. అందుకే బ్లాకు నంబరు మరిచిపోతే ఇక తిరగడమే.

ఈ తిరుగుడుకు విరుగుడు మీ బిల్డింగు గుమ్మం దగ్గరే ఉంది. గోడమీద చిన్న పలక, దానిమీద 8 అంకెలు. అదే పాసీ నంబరు. మన సివిల్ ఐడీలు ఇచ్చే పబ్లిక్ అథారిటీ ఫర్ సివిల్ ఇన్ఫర్మేషన్ 1982 నాటి చట్టంతో ఏర్పడింది. భవనాలకు ఈ నంబర్లు ఇచ్చేదీ ఆ సంస్థే. ఒక భవనం నంబరు మరో భవనానికి ఉండదు. జిలీబ్ పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాసినా అంకెలు మారవు. ఆ సంస్థదే కువైట్ ఫైండర్ అనే యాప్. అందులో ఈ నంబరు కొడితే మ్యాపు మీద సరిగ్గా ఆ బిల్డింగునే చూపిస్తుంది.

పిల్లలూ, ఈ శుక్రవారం మీ స్కూలు గేటు నంబరు పెట్టి వెతికి చూడండి. అన్నట్టు, సివిల్ ఐడీలోని 12 అంకెల్లోనూ ఒక రహస్యం ఉంది. 2012 ఆగస్టు 14న పుట్టినవారి నంబరు 3120814తో మొదలవుతుంది. నాన్నగారిది 2తో ఎందుకు మొదలవుతుందో మీరే కనిపెట్టండి. ఆ 12 అంకెలు మాత్రం ఎవరికీ చెప్పకండి. గోడమీది 8 అంకెలు ఎవరికైనా చెప్పవచ్చు.

వీటి అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకు. వాళ్ళలో చాలామందికి తామున్న ఇంటి చిరునామా ఎవరూ చెప్పరు. ఊళ్ళో అమ్మానాన్నలకూ "కువైట్‌లో ఉంది" అన్నంతవరకే తెలుసు. ఫోను లొకేషన్ పంపవచ్చు కదా అంటారేమో! ఫోను చేతిలో లేని రోజున ఏం పంపుతారు? చెత్త వేయడానికి బయటికి వచ్చినప్పుడు ఆ పలకను ఒక్క ఫోటో తీసి ఇంటికి పంపితే, ఆపద వేళ ఎంబసీకి చెప్పడానికి కుటుంబం దగ్గర ఒక ఆధారం ఉంటుంది. మీకు తెలిసిన అక్క ఉంటే ఈ మాట ఆమె చెవిన వేయండి.

ఇల్లు మారిన కుటుంబాలకు మరో సంగతి. భవనం కూల్చినా, యజమాని మీరు అక్కడ లేరని చెప్పినా, పాసీ రికార్డులోంచి చిరునామా తీసేస్తారు. 2024లో ఇలా చాలామంది పేర్లు ప్రభుత్వ గెజిట్‌లో వచ్చాయి. 30 రోజుల్లో కొత్త చిరునామా ఇవ్వకపోతే మనిషికి 100 దీనార్ల దాకా జరిమానా అని ప్రకటించారు. మీ కార్డు వెనక ఉన్న చిరునామా ఇప్పుడు మీరుంటున్న ఇంటిదేనా, ఒకసారి తిప్పి చూడండి.

అంబులెన్సు కోసం 112కి ఫోన్ చేసినప్పుడు కంగారులో బ్లాకు, వీధి గుర్తుకురావు. ఆ 8 అంకెలను పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందే ఎత్తులో ఫ్రిజ్ మీద అంటించండి.